ఎండ కాసిన పొద్దు

వారం రోజులుగా కమ్ముకున్న మబ్బు ఆ పొద్దున విడిచింది. గురజాల మీద ఆకాశం తోమిన గిన్నెలా తేటగా ఉంది.

కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టాలు లాగేస్తూ రత్తమ్మ సూర్యుడికి దండం పెట్టింది.

"బతికించావు తండ్రీ."

అప్పుడే కోడలు జ్యోతి చేతిలో ఫోను మోగింది. రత్తమ్మ కొడుకు యల్లమంద. క్వారీలో పొక్లెయిన్ నడిపేవాడు, ఈ చలికాలం హిమాలయాల్లో రోడ్డు మీది మంచు తీసే పనికి పోయాడు.

"ఇక్కడ కూడా తెరిపిచ్చిందే. వారం నుంచి ఒకటే మంచు. ఇయ్యాల ఎండ దంచుతోంది. పైనున్న మిషను దగ్గరికి బయల్దేరుతున్నా."

రత్తమ్మ దూరం నుంచే అరిచింది.

"ఎండ కాసిందిగా, ఇంక భయమేందిరా! బిరానా కానిచ్చుకుని కోటప్పకొండ తిరనాళ్లకు రా!"

కల్లం పక్కన మూట దించుకున్న శాలువాల సాయిబు ఆ మాటలు విన్నాడు. ఏటేటా చలికాలంలో కాశ్మీరు నుంచి వచ్చే ముసలాయన. వచ్చీరాని తెలుగు.

"అమ్మా, అక్కడ వారం మంచు పడిందా? ఈ రోజే ఎండా?"

"అవును. అయితే ఏంది?"

"వెళ్లొద్దని చెప్పు. కొత్త మంచు మీద ఎండ పడితే మంచంతా కొండ దిగుతుంది. ఈ రోజు వద్దు."

రత్తమ్మ పట్టా కింద పడేసింది.

"ఎండ కాస్తే చెరుపేందయ్యా! శాలువా కొనలేదని పొద్దున్నే నా బిడ్డ మీద అపశకునం పలుకుతావా?"

"కొనొద్దమ్మా. ఫోన్ చెయ్యి, చాలు."

"లే! ముందు మూట తియ్యి ఇక్కణ్ణుంచి!"

సాయిబు మూట భుజానికెత్తుకున్నాడు. దారి మీదికి పోయి కూడా ఆగి జ్యోతి వంక చూశాడు. తర్వాత తల దించుకుని వెళ్లిపోయాడు.

జ్యోతి ఫోను వంక చూసింది. బేరానికి వచ్చినవాడు బేరం ఊసెత్తకుండా బతిమాలాడెందుకు?

మిరప రాశి చాటుకు పోయి మొగుడికి ఫోన్ చేసింది.

"మీ అమ్మకు గుండెల్లో నొప్పంట."

"ఇప్పుడేగదే అంత గట్టిగా అరిచింది!"

"అరిచినాకే వచ్చింది. డాక్టరు వస్తున్నాడు. పైకి పోతే సిగ్నలుండదంటివిగా, నేను చేసేదాకా కిందే ఉండు."

"మేస్త్రీ తిడతాడే."

"తిట్టనీ. అమ్మకంటేనా?"

ముందు పొక్లెయిన్ మంచు తీస్తేనే వెనక మనుషులకు దారి. అది కదలకపోతే ఎవరూ కదలరు.

మధ్యాహ్నం దాకా జ్యోతి మిరపకాయలు కాళ్లతో తిరగబోస్తూనే ఉంది. ఫోను కొంగున కట్టుకుంది.

మోగింది. యల్లమంద గొంతు అతనిది కానట్టుంది.

"కొండ జారిందే. మేం పోవాల్సిన రోడ్డే కనపడట్లా. పైన పెట్టిన మిషను మంచు కింద పోయింది. మనుషులం అందరం కిందే ఉన్నాం... అమ్మకెట్లా ఉంది?"

పక్కనే ఉన్న రత్తమ్మకూ ఆ మాటలు వినపడ్డాయి. కోడలి మొహం చూసింది. కోడలు తల వంచుకుంది. రత్తమ్మ ఫోను తీసుకుంది.

"తగ్గిందిరా అయ్యా. నొప్పి తగ్గింది."

ఫోను ఇచ్చేసి చెప్పులేసుకుంది.

"ఆ సాయిబు ఎక్కడ దిగాడే?"

రత్తమ్మ వెళ్లేసరికి బస్టాండు వెనక గదిలో మూటలు కడుతూ వేరే మనిషి ఒకడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఐజాజ్ అని పేరు చెప్పాడు.

"చాచా... ఆ పెద్దాయన, పొద్దున్నే వినుకొండ బస్సెక్కాడు. అక్కణ్ణుంచి రైలు."

"ఉన్నట్టుండి ఎందుకు నాయనా?"

"'ఈ ఊళ్లో ఒక కబురు వస్తుంది, అది నేను వినలేను' అన్నాడు."

రత్తమ్మ గడప మీదే కూర్చుంది.

"నా బిడ్డ బతికాడయ్యా. ఫోన్ చేసి చెప్పు."

ఐజాజ్ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"చాచా ఫోను పెట్టుకోడమ్మా. రాత్రి రైలుకు నేనూ పోతున్నా. ఇల్లు చేరాక చెప్తా."

"అప్పటిదాకా ఆయన నా బిడ్డ పోయాడనే అనుకుంటాడా?"

రత్తమ్మ లేచింది. అతని చెయ్యి పట్టుకుంది.

"తిట్టి పంపాను నాయనా. ఆయనకు బదులు నువ్వన్నా వచ్చి ఒక ముద్ద తిను."

ఇంట్లో విస్తళ్లు వేసింది. వేడన్నం, పప్పు, గోంగూర. ముగ్గురూ కూర్చున్నారు.

"కొండ గుట్టు అంత తెలిసినాయన, మీ ఊళ్లో ఎంతమందిని కాపాడాడో!" అంది రత్తమ్మ.

ఐజాజ్ కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"లేదమ్మా. మా దగ్గర రోడ్డు పనికి చాచాయే మేస్త్రీ. ఒక ఏడు ఇట్లాగే వారం మంచు పడి, ఎండొచ్చింది. 'ఎండొచ్చింది, పదండి' అని తనే అందర్నీ పైకి పంపాడు."

జ్యోతి మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది.

"మేస్త్రీ పని మానేశాడు. మనిషి అన్నం మానేశాడు. మా అమ్మ పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లోనే తింటాడు."

"చుట్టమా మీకు?" జ్యోతి మెల్లగా అడిగింది.

"కాదు. ఆ రోజు పైకి పోయి తిరిగిరానివాళ్లలో మా నాన్న ఒకడు."

రత్తమ్మ గంటెడు పప్పు అతని విస్తట్లో వేసింది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.