ఎర్రగీత

బడి వెనక గదిలో గులాం జీలానీ మాస్టరు సంచి సర్దుకుంటున్నాడు.

రెండు కుర్తాలు, ఒక దుప్పటి, నమాజు చాప. సర్కారువారిచ్చిన రెండు సిరాబుడ్లు కూడా లోపల పెట్టి, మళ్ళీ బయటికి తీశాడు. ఒకటి నల్లసిరా, ఒకటి ఎర్రసిరా. అవి ఇక తనవి కావు.

గుమ్మం బయట నిలబడి ఉత్తమీ చూస్తోంది. అరవై దాటిన విధవ. ఊరంతా ఆమెను బేబే అని పిలుస్తారు, అమ్మ అన్నట్టు. పదిహేనేళ్ళ కిందట ఆమె కూడా ఇలాగే ఒక సంచి సర్దింది, పెద్దకొడుకు సంతోఖ్ సింగ్ పల్టనుతో బస్రా యుద్ధానికి వెళ్ళిన నాడు. చచ్చాడని కాగితం రాలేదు. బతికున్నాడనీ రాలేదు.

"నా కొడుకు పేరు కొట్టేసిన చెయ్యి మూట కట్టుకుంటుంటే చూద్దామని వచ్చాను," అంది.

మాస్టరు తలెత్తలేదు.

"ఇవాళ్టి రొట్టె ఎవరు తిన్నారు బేబే?"

"కుక్క తింది. నీకు పెట్టినదానికంటే అదే పుణ్యం."

మాస్టరు సంచి మూతి బిగించాడు.

జనాభా లెక్కలతో వచ్చింది ఇదంతా.

ఏ మతంవాళ్ళ తలలు ఎన్ని ఉంటే లాహోరు కౌన్సిల్లో వాళ్ళకన్ని కుర్చీలని ఊరందరి బుర్రలకూ ఎక్కింది. లెక్క రాసే పని బడిపంతులు నెత్తిన పడింది.

"మనవాళ్ళను ఓ పదిమందిని ఎక్కువ రాయవయ్యా. నువ్వూ నమాజు చేసేవాడివేగా," అన్నాడు చౌదరి నవాబ్ ఖాన్.

మాస్టరు రాయనన్నాడు. మర్నాటి నుంచి అతనికి చౌదరి ఇంటి నుంచి వచ్చే మజ్జిగ ఆగిపోయింది.

ఉత్తమీ వాకిట్లో ఇంకో తగువు. ఆమె ఇంటివాళ్ళు హిందువులు. అయినా చాలా ఇళ్ళలో లాగే తొలిచూలు కొడుకును గురువుకిచ్చి సిక్కును చేశారు. చిన్నవాడు దేవ్‌రాజ్, అతని భార్య హిందువులుగానే ఉన్నారు.

"సంతోఖ్‌ని హిందువని రాయండి," అన్నాడు బట్టలకొట్టు లాలా హాకిం రాయ్. "తల్లి హిందువు, తమ్ముడు హిందువు. మధ్యలో వీడొక్కడూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

"జుట్టు చూసి మాట్లాడు లాలా. వాడు సిక్కు," అన్నాడు గురుద్వారాలో గ్రంథం చదివే గ్యానీ వర్యామ్ సింగ్.

"ఏ జుట్టు చూడను? అది బస్రాలో ఉంది!"

మాస్టరు నల్లసిరాలో కలం ముంచి ఆగాడు. "ముందు మనిషి ఇంట్లో ఉన్నాడా? ఇంట్లో రొట్టె తినేవాళ్ళనే రాయమంది సర్కారు."

"ఉన్నాడు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఒక్క మాట మీదే వాళ్ళకు పొత్తు కుదిరింది.

ఉత్తమీ లోపలికెళ్ళి రొట్టె తెచ్చింది.

"రోజూ వాడి వాటా కాలుస్తాను. ఆ వేళకు గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళు తింటారు. ఇవాళ నువ్వొచ్చావు. తిని రాయి నాయనా. రాశావంటే ఉన్నట్టే."

చెయ్యి తగలకుండా, పైనుంచి అతని దోసిట్లోకి జారవిడిచింది.

మాస్టరు తిన్నాడు. చేతులు తుడుచుకుని రాశాడు.

"ఏ మతమని రాశారు?" అన్నాడు లాలా.

"మీరిద్దరూ తేల్చుకోండి. తేలాక రాస్తాను."

తేలలేదు.

ఆఖరి లెక్క ఫిబ్రవరి ఇరవయ్యారున. ముందు రాసినవాళ్ళలో ఆ రోజు ఇంట్లో లేనివాళ్ళను ఎర్రసిరాతో కొట్టేయాలి. మాస్టరు ఉత్తమీ ఇంటి పేజీ తీసి, కాసేపు చూసి, ఎర్రగీత ఒకటి గీశాడు.

ఉత్తమీకి చదువు రాదు. గీత మాత్రం కనబడింది.

"వాడి రొట్టె తిని వాణ్ణే కొట్టేశాడు!" అని గుండెలు బాదుకుంది.

మాస్టరు ఏదో చెప్పబోయాడు. చుట్టూ చేరిన జనాన్ని చూసి నోరు మూసుకున్నాడు.

ముసల్మాను మాస్టరు మన తలలు తగ్గిస్తున్నాడని లాలా, గ్యానీ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఉత్తమీ వేలిముద్ర వేసింది. చౌదరి వేలు కూడా కదపలేదు.

తహశీలు నుంచి పిలుపొచ్చింది. మాస్టరు పుస్తకం పట్టుకుని వెళ్ళాడు. వెనకే లాలా వెళ్ళాడు. మర్నాడు మాస్టరు ఉద్యోగం పోగొట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. లాలా బట్టల బేరానికి ఆగిపోయాడు.

ఇప్పుడు మాస్టరు సంచి భుజాన వేసుకుని రేవుకు నడిచాడు. లాలా దిగిన పడవే ఎక్కాడు.

లాలా తిన్నగా ఉత్తమీ ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు.

"ఆ రోజు కొట్టేసింది నీ కోడలి పేరు బేబే. లెక్క నాటికి పుట్టింటికి వెళ్ళిందిగా, అక్కడి లెక్కలోకొస్తుందని."

"మరి నా సంతోఖ్?"

"నల్లసిరాలో నిక్షేపంలా ఉన్నాడు. సంతోఖ్ సింగ్, ముప్పయ్యారేళ్ళు, ఇంట్లోనే ఉన్నాడు అని. మతం గడి మాత్రం ఖాళీ! ఎవరికి పనికొచ్చే తల అది?"

ఉత్తమీ దగ్గరికొచ్చి నిలబడింది.

"మన కాగితం వెళ్ళకపోతే ఆ పేజీ ఎవరూ తీసేవాళ్ళే కారు. అధికారి 'ఈ మనిషేడీ, చూపించు' అన్నాడు. మాస్టరు 'వాడి రొట్టె నేను తిన్నాను హుజూర్, అంతకంటే చెప్పలేను' అన్నాడు. లేనివాణ్ణి ఉన్నాడని రాసినందుకు పీకేశారు."

"పేరు ఇంకా ఉందా?"

లాలా తలపాగా సర్దుకున్నాడు.

"అధికారి కొట్టేశాడు. నా కళ్ళముందే. ఎర్రసిరాతో."

ఉత్తమీ చెప్పులు లేకుండా రేవుకు పరుగెత్తింది. పడవ అవతలి ఒడ్డున ఖాళీగా ఉంది.

మర్నాటి నుంచి ఆమె రోజూ ఒకటికి బదులు రెండు రొట్టెలు ఎక్కువ కాల్చింది.

సంతోఖ్ సింగ్ ఇంట్లోనే ఉన్నాడని సర్కారు పుస్తకంలో రాసిన ఒకే ఒక్క మనిషి 1931 మార్చి మూడున చీనాబ్ నది దాటి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.