గుర్రానికి అర పేజీ

ఇంకా తొమ్మిది నిమిషాల ఆట ఉంది. థార్న్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు ఒక గోలు ముందుంది. ఇలాగే గెలిస్తే ఉన్న డివిజన్‌లో నిలుస్తుంది. లేదంటే తొంభై నాలుగేళ్ళ చరిత్రలో మొదటిసారి కిందికి దిగిపోతుంది.

కాలం గడపడానికి డెరిక్ బంతిని బయటికి తన్నాడు. డెరిక్‌కు వారమంతా మాంసం కొట్టు, శనివారం గోలు ముందు కాపలా. రెండుచోట్లా కొలత తెలియని మనిషి. బంతి గోడ దాటి పద్నాలుగో నంబరు ఇంటి పెరట్లో పడింది.

అది క్లబ్బుకున్న ఆఖరి బంతి.

మైదానం చప్పబడిపోయింది. పద్నాలుగో నంబరు ఇంట్లో పడ్డ బంతి తిరిగి రాదని యార్క్‌షైర్‌లో ఆ మూలనున్న వాళ్ళందరికీ తెలుసు. ఆ సీజనులోనే అంతకుముందు పది పోయాయి.

రిఫరీ ఎదుటి జట్టును అడిగాడు. తాము బంతి తెచ్చుకోలేదన్నారు వాళ్ళు. వాళ్ళ బస్సు డ్రైవరు అప్పుడే వెళ్ళి బస్సుకు తాళం వేసి వచ్చాడు.

"పది నిమిషాలు చూస్తాను," అన్నాడు రిఫరీ. "బంతి సమకూర్చాల్సింది మీరు. రాకపోతే ఆట వాళ్ళదే."

ఆటగాళ్ళందరూ క్లబ్బు కార్యదర్శి క్లిఫర్డ్ వైపు చూశారు.

"నేనా?"

"మీరు కాక ఇంకెవరండీ? నేను పోతే ఆ ఇంటావిడ పూలకుండీ విసురుతుంది," అన్నాడు డెరిక్.

క్లిఫర్డ్ ముప్ఫై నాలుగేళ్ళుగా కార్యదర్శి. క్లబ్బు చరిత్ర రాసిందీ ఆయనే. ఉన్ని మిల్లు కార్మికులు క్లబ్బు పెట్టిన రోజు, చెక్క గ్యాలరీ తగలబడిన రోజు, పెద్ద నగరం జట్టు వచ్చి తొమ్మిది గోల్స్ కొట్టి టీ తాగి వెళ్ళిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి. సోమవారం అచ్చుకు వెళుతుంది.

ఆయన వెళ్ళి పద్నాలుగో నంబరు తలుపు తట్టాడు. లోపల గడియ పడి ఉంది. తలుపుకున్న ఉత్తరాల సందు మూత లేచింది. రెండు కళ్ళు కనిపించాయి.

"చూడు, బంతి..."

"చూడు ఏమిటి? క్లబ్బు తరఫున వచ్చారా, కాదా?"

"క్లబ్బు తరఫునే."

"అయితే చూడండి అనాలి."

క్లిఫర్డ్ టోపీ తీశాడు. "చూడండి. మా బంతి మీ పెరట్లో పడింది. దయచేసి ఇప్పించండి."

"నా టమాటా మొక్క నడుం విరిగింది."

"కొత్త మొక్క కొనిస్తాం."

"మొక్క ఎవరిక్కావాలి? పుస్తకం సంగతి చెప్పండి. మీ చిత్తుప్రతి నేనూ చదివాను."

ఎలా దొరికిందని ఆయన అడగలేదు. చిన్న ఊరు.

"గుర్రానికి అర పేజీ రాశారు," అందావిడ.

"అది మామూలు గుర్రం కాదు. మైదానం మీద రోలరు లాగిన గుర్రం. పచ్చిక పాడవకుండా గిట్టలకు తోలు జోళ్ళు తొడుక్కుని పందొమ్మిదేళ్ళు లాగింది."

"ఆ జోళ్ళకు ఫోటో కూడానట. మరి నా గురించి?"

క్లిఫర్డ్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"మీరు చెప్పరు. నేనే చెప్తాను. డెబ్బై మూడో పేజీ. 'పద్నాలుగో నంబరు ఇంటి సహకారం క్లబ్బుకు ఏనాడూ అందలేదు.' అంతే!"

"ఆ వాక్యం కొట్టేస్తాను."

"కొట్టేస్తే నేను బొత్తిగా లేనట్టే. ముప్ఫై నాలుగేళ్ళుగా నా బట్టల తాడు మీద మీ క్లబ్బు బురదే. గుర్రం కన్నా పదిహేనేళ్ళు ఎక్కువ."

గోడ అవతల నుంచి డెరిక్ అరిచాడు. "నాలుగు నిమిషాలే ఉన్నాయి!"

"రెండు లైన్లు రాస్తాను," అన్నాడు క్లిఫర్డ్.

"అర పేజీ."

"నాలుగు లైన్లు. పుస్తకంలో చోటు లేదు."

"గుర్రాన్ని తగ్గించండి."

"గుర్రాన్నా?" ఆయన గొంతు మొదటిసారి వణికింది.

"మీ ఇష్టం. కెటిల్ కూస్తోంది. వెళ్తాను."

"అర పేజీ! సరే, అర పేజీ."

"గుర్రం కంటే ముందు."

క్లిఫర్డ్ కళ్ళు మూసుకున్నాడు. "ముందే."

"మాటలు చాలా విన్నాను. రాసివ్వండి."

జట్టు పేర్ల కాగితం వెనక రాసి సందులోంచి తోశాడు. కాగితం లోపలికి పోయింది. కాసేపటికి మూత మళ్ళీ లేచింది.

"ఇందులో 'సహనం' అనే మాట కనబడదేం?"

"చేరుస్తాను."

"రెండుసార్లు."

"రెండుసార్లు."

గోడ మీదుగా బంతి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక మరొకటి. మొత్తం పదకొండు. రెండువందల మంది జనం ఒక్కో బంతికీ చప్పట్లు కొట్టారు. ఎదుటి జట్టువాళ్ళు బస్సు వైపు చూశారు.

"ఒక్కటి చాలు," అన్నాడు రిఫరీ.

మిగిలిన తొమ్మిది నిమిషాలూ డెరిక్ బంతిని మోకాలి ఎత్తు దాటనివ్వలేదు. థార్న్‌బెక్ గెలిచింది. క్లిఫర్డ్‌ను భుజాల మీద ఎత్తుకుని మైదానం చుట్టూ తిప్పారు. క్లబ్బు గదిలో ఎదుటి జట్టు కార్యదర్శి ఆయనకు బీరు ఇప్పించాడు.

"ఏమనుకోకండి," అన్నాడతను. "అలాంటి ఆవిడ పక్కన ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ?"

"అలవాటైపోయింది," అన్నాడు క్లిఫర్డ్.

ఆరు గంటలకు ఆయన టోపీ పెట్టుకుని బయల్దేరి, జేబులోంచి తాళంచెవి తీసి పద్నాలుగో నంబరు తలుపు తెరిచి, కోటు తన కొక్కేనికి తగిలించి, "ఎల్సీ, నువ్వు తినేశావా, నాకోసం ఆగావా?" అన్నాడు.