దస్తీ వేసిన సీటు

"అద్దం దించకు బిడ్డా! గా బస్సు కాడికెళ్లి వస్తున్నామె చేతుల కట్టె ఉన్నది," అని శోభ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

తెలంగాణ కోసం రోడ్డు మీదనే వంటా వార్పు పెట్టారు. కురవి బస్సు ఆగింది, దాని వెనక మా కొత్త కారూ ఆగింది. ఉద్యమంలో బస్సుల మీద రాళ్లు పడతాయని, టీచరుగా రోజూ బస్సులో బడికి పోయే నా బిడ్డతో కారు కొనిపించింది నేనే.

ఆమె వచ్చి అద్దం మీద తట్టింది.

"కొట్టకుండ్రి! మేం గూడ తెలంగాణోళ్లమే!" అని అరిచాను.

శోభ అద్దం దించేసింది. "ఏందమ్మా నువ్వు! సోమ్లక్క. రోజూ నా పక్క సీటే."

సోమ్లి చేతిలో ఉన్నది అన్నం గంటె.

"ఏంది టీచరమ్మా, బస్సుకు రాకపోతివి? పానం బాగలేదేమోనని పరేషానైనం. నీ సీట్ల ఎవ్వరూ కూసోకుండ దస్తీ ఏసే ఉంచిన. దిగుండ్రి, బస్సోళ్లమందరం ఈడనే తింటున్నం. అవ్వా, నువ్వు గూడ రా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. దిగి విస్తరి అందుకున్నాను.

"చెల్లె, గా దస్తీ తియ్యకు. రేపటి సంది నా బిడ్డ బస్సుకే వస్తది."

"మరి కారో?" అంది శోభ.

"గది నా బుగులుకు, నా భయానికి కొన్నది. ఇంటికాడనే ఉండనియ్."