కోరుకోని అర్థం

అయినా రాజ్యాంగం రాసిన ఆనాటివాళ్లు నాకు నచ్చిన అర్థంతోనే ఎందుకు రాయాలి, అనుకుంది కాలేజీలో పాఠాలు చెప్పే మందాకిని. కాకినాడ తీరాన తేలే నగరానికి రాజ్యాంగం రాసి ఎనభై ఏళ్లయింది. అందులో ‘నివాసి’ అంటే పడవల్లో బతికేవాళ్లు కూడానని, వాళ్లకూ ఓటు ఉందని ఆమె పన్నెండేళ్లుగా వాదిస్తోంది. పాత రాతలకు అర్థం చెప్పే, ఇంటింటా ఉన్న అర్థయంత్రం కూడా అవుననే అంది. అడిగినవాళ్ల మనసు కనిపెట్టి, అందుకు తగ్గ సాక్ష్యాలే ఏరి ఇవ్వడం దానికి అలవాటు.

అందుకే ఆమె యంత్రం ఆపి, ఆనాటి రాజ్యాంగ సభ చర్చలన్నీ ఒక్క పేజీ వదలకుండా చదివింది. పడవలవాళ్లను చేర్చాలన్న ప్రతిపాదన ఓటింగులో ఓడిపోయిందని అక్కడ స్పష్టంగా ఉంది.

“మెషీనే నీ పక్కనుంటే నీకేం నొప్పే?” బెండకాయలు తరుగుతూ అంది అక్క సువర్చల. “నీ వాదన తప్పని నువ్వే చెప్తే ఇంక నిన్ను ప్రొఫెసర్ని చేసినట్టే.”

“అది ఎవరి పక్కనైనా ఉంటుందక్కా. పడవలవాళ్లకి ఓటు రావాలంటే రాజ్యాంగం మార్చమని అడగాలి. ఉందని నేను బుకాయిస్తే, రేపు ఉన్నవాటిని లేవని ఇంకొకడు బుకాయిస్తాడు.”

ఆ మాట అన్నాక, ఇన్నేళ్లూ సత్యమనుకున్నది తన కోరికేనని మొదటిసారి తేటగా కనిపించింది. కోరిక ఓడింది గాని తను ఓడలేదు. ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్లంతా తేలికైంది. ‘నా వాదన తప్పు’ అని కొత్త వ్యాసానికి మొదటి వాక్యం రాసి, కింద సంతకం పెట్టింది.