నీ చెయ్యి చూడాలి

"పది నిమిషాల్లో అయిపోయేదాన్ని వంట అనరమ్మాయ్, చిరుతిండి అంటారు," అంది అత్తగారు, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటూ.

"ఈ టోఫు నూడుల్స్ తిన్నాక చెప్పండత్తయ్యా," అంది కోడలు.

"తినడానికేం, అందరం తింటాం. ముందు నీ చెయ్యి చూడాలి."

"జాతకం చెబుతావా అమ్మా?" గదిలోంచి కిసుక్కున నవ్వింది ఆడపడుచు.

పొద్దున్నుంచీ ఇదే రగడ. కింద కుట్టుకొట్లో బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇకమీదట అత్తాకోడళ్ళలో ఒకరు పైన వంట చూసుకోవాలి, ఒకరు కొట్లోనే ఉండాలి. ఎవరెక్కడన్నది ఇవాళ భోజనాల దగ్గర చెబుతానంది అత్తగారు. కొట్లో బట్ట కత్తిరించేది ఆవిడే కనక వీధి వీధంతా ఆవిణ్ణి మాస్టరమ్మ అంటుంది. సుద్దగీత గీసి కత్తెర వేశాక ఆవిడ వెనక్కి తిరిగి చూసుకోవడం ఎవరూ ఎరగరు. ఆ కత్తెరను ఇంకొకరు ముట్టుకోవడమూ ఎరగరు. కోడలి దాకా వచ్చేవి కాజాలూ, గుండీలూ, అంచుకుట్లూ.

మంచినీళ్ళకన్నట్టు వచ్చి, కోడలి చెవిలో ఊదాడు ఆమె భర్త. "కాస్త మాడ్చెయ్యి. బాగా కుదిరిందో, ఇక జన్మంతా ఈ పొయ్యి దగ్గరే."

"అప్పుడు మీ అమ్మ ఏమంటారు?"

"వంట రాదంటుంది. అంటే అననీ. కొట్టు దక్కుతుంది."

ఆ ఆలోచన ఆమెకూ రాకపోలేదు. ఉప్పు రెండుసార్లు వేస్తే చాలు. కానీ చేతులారా పని పాడుచెయ్యడమనే విద్య ఆ చేతులకు రాదు. కాజా ఒక్క పోగు పక్కకు పోతేనే విప్పి మళ్ళీ కుట్టే మనిషి.

టోఫు అంటే సోయాపాలు విరగ్గొట్టి చేసిన ముద్ద. నీరు పిండకపోతే నూనెలో చిటపటలాడి చెదిరిపోతుంది. ఆమె రెండు ముద్దల్నీ మల్లు గుడ్డలో చుట్టి, కొట్లోంచి తెచ్చిన చల్లటి ఇస్త్రీపెట్టె వాటి మీద బరువుగా పెట్టింది.

"తిండికి కూడా ఇస్త్రీయేనా?" అంది అత్తగారు.

"ముడతలు పోవాలి కదత్తయ్యా."

ఈలోగా నూడుల్స్ ఉడికాయి. వార్చి, చన్నీళ్ళు పోసి, నూనె చుక్క రాసి, దారపుచిక్కు విప్పినట్టు వేళ్ళతోనే విడదీసింది. ఒక్క పోగు తెగలేదు.

తరవాత కత్తి అందుకుంది. ముద్ద పెరుగుగడ్డలా వణుకుతోంది. ఎడమచేతి వేళ్ళు ఆనీ ఆననట్టు ఉంచి, కత్తిని నొక్కకుండా మెత్తగా ఒక్క లాగు లాగింది. ముక్క మీద ముక్క పేర్చితే అంచూ అంచూ కలిసింది.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, పీట ముందుకు జరుపుకుంది.

"రెండో ముద్ద కూడా కొయ్యి."

"ఇవాళ్టికి ఒకటి సరిపోతుందత్తయ్యా."

"కొయ్యమన్నాను."

వంక వెతకడానికే అనుకుని కోడలు పళ్ళు బిగపట్టి రెండోదీ కోసింది. మొదటి ముక్కకూ చివరి ముక్కకూ వెంట్రుకవాసి తేడా లేదు. మీరు ఎంత చూసుకుంటారో చూసుకోండి అన్నట్టు పళ్ళెం అత్తగారి ముందు పెట్టింది.



పెద్ద మంట మీద మూకుడు పొగలు కక్కింది. టోఫు ఎర్రగా వేగింది. అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, సోయా సాస్, మిరియాల పొడి పడ్డాయి. పైన నూడుల్స్ వేసి నాలుగుసార్లు ఎగరేసింది. ఆ ఘుమఘుమకు ఎవరూ పిలవకుండానే అందరూ కంచాల ముందు చేరారు.

"ఇది తినాలా, దారంలా కండెకు చుట్టాలా?" అంటూనే మామగారు రెండోసారి వడ్డించుకున్నారు. "అబ్బ! రోజూ ఈ చెయ్యే వండాలమ్మా."

"అవును వదినా, రోజూ!" అంది ఆడపడుచు.

కొంప ముంచావన్నట్టు చూశాడు భర్త. కొట్టు చేజారినట్టేనని కోడలికి అర్థమైంది. అయినా తల మాత్రం వంచలేదు. చెడగొట్టి గెలవడం కంటే, బాగా చేసి ఓడిపోవడమే నయమనిపించింది.

మాస్టరమ్మ ఒక టోఫు ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని నాలుగు అంచులూ తిప్పి తిప్పి చూసి, నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది."

"చూశావా, అసలు వంటే రాదు!" భర్త ఉత్సాహంగా అందుకున్నాడు.

"నువ్వు నోరు మూసుకుని తినరా."

ఆవిడ లేచి చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

"రేపట్నుంచి వంట నేను చేస్తాను," అంది, మంచినీళ్ళు అందుకోమన్నంత మామూలుగా.



"నువ్వా? మరి కింద కటింగు?" అన్నారు మామగారు.

మాస్టరమ్మ బొడ్లోంచి గుడ్డలో చుట్టిన కత్తెర తీసి, కోడలి కంచం పక్కన పెట్టింది.

"నేను చూడాలన్నది కోసే చెయ్యి."