మీటరు సారు

బస్సు దిగిన పెద్దాయన చేతిలో పెట్టె చూడగానే ఓబన్నకు అనుమానం వచ్చింది.

నల్లమాడ దాటాక ఉన్న ఆ ఊళ్లో బోరు మోటార్లకు కరెంటు మీటర్లు బిగిస్తారని పుకారు లేచింది. పెట్టెతో ఎవరొచ్చినా రైతులకు ఒళ్లు మండుతోంది.

"ఏం సారూ, ఏం పని?"

"నా పేరు షఫీవుల్లా అప్పా. మీ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువుండాది. దాన్ని ఆపే జల్లెడ తెచ్చినా. ఎవరింట్లోనన్నా బిగించి పోతా."

"జల్లెడలో నీళ్లు నిలుస్తాయా?"

"దీని కన్నాలు కంటికి కనపడవు. నానోమీటరంత ఉంటాయి."

అంతే. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ ఎవరి చెవికీ ఎక్కలేదు.

"మీటరంట! పెట్టెలో మీటరు తెచ్చినాడు!"

జనం మూగారు.

"కరెంటు మీటరు కాదప్పా, అదొక కొలత. మన తలవెంట్రుకను నిలువునా లక్ష చీలికలు చేస్తే, అందులో ఒకటి..."

"మా నెత్తిన వెంట్రుకలక్కూడా మీటరు పెడతావా?" అంది ఓబన్న తల్లి ఓబులమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఆ గుంపులో ఆయన తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ లేడు.

ఓబన్న కూతురు త్రివేణి మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ పిల్ల మోకాళ్లు లోపలికి వంగుతున్నాయి. ఆయన చూపు వాటి మీదే ఆగిపోయింది.

"ఈ పాప కోసమన్నా పెట్టనీప్పా. వద్దనుకుంటే పీకేయి."

"నువ్వు ముందు బస్సెక్కు సారూ!" అన్నాడు ఓబన్న.

ఆయన చెంబెడు నీళ్లూ తాగాడు. బస్సు వచ్చేదాకా ఎండలో ఒక్కడే నిలబడ్డాడు. నీడకు రమ్మని ఎవరూ అనలేదు.

మీటరు సారును తరిమిన కథ ఊళ్లో చాన్నాళ్లు చెప్పుకున్నారు.

వేరుశెనగ పీకే రోజులకు త్రివేణి బడిదాకా నడవలేకపోయింది. అనంతపురంలో డాక్టరమ్మ పద్మజ ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆ నీళ్లేనప్పా. ఇంత వంగినాక మందులతో పని కాదు. షఫీ సారు జల్లెడ పట్టుకొని ఊరూరా తిరుగుతాండె, మీ ఊరికి రాలేదా?"

ఓబన్న ఆ సారు ఉండే ఊరు అడిగి తెలుసుకొని బయటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే బుక్కరాయసముద్రంలో ఆయన ఇల్లు వెతికి పట్టుకున్నాడు. తలుపుకు తాళం. పక్కింటి ఫరీన్ బయటికి వచ్చింది.

"సారు పోయినాడన్నా. ఒక్కడే ఉంటాండె, ఎప్పుడు ప్రాణం పోయిందో కూడా మాకు తెల్దు."

"ఆ జల్లెడ?"

"లోపలే ఉండాది. బిగించేది తెలిసినోడు ఆయనొక్కడే. రోషన్ బీకి, అదే ఆయన భార్యకు, వాళ్లోళ్లు సొంతూరు ఇడిసి వచ్చినా, చిన్నప్పుడు ఆడ తాగిన నీళ్లకు నడుము వంగిపోయింది. ఆమె కోసమని ఏళ్లకేళ్లు కూర్చొని చేసినాడు. అది పనిచేసే పొద్దుకు ఇంట్లో నీళ్లడిగే మనిషే లేదు. ఇంతకూ మీది యా ఊరన్నా?"

ఓబన్న ఊరి పేరు చెప్పాడు.

"రోషన్ బీ పుట్టిన ఊరు అదే. సారు మీ ఊరి అల్లుడన్నా."