ఒంటిమీద కుట్టిన చొక్కా

“కత్తెర తెస్తావా, పళ్లతో కొరుక్కుని బయటికి రమ్మంటావా?” బాబాయి ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాడు.

“కత్తెర పడితే నాకు సున్నా పడుతుంది బాబాయ్!” అంటూ అమ్మాయి కత్తెర తీసుకెళ్లి పిండి డబ్బాలో దాచేసింది.

సంగతేమిటంటే, దుస్తుల కాలేజీలో ఆరోజు ఆఖరి పరీక్ష. తానే కొలిచి, తానే గీసి, తానే కుట్టిన చొక్కా ఒకటి పదింటికల్లా మేడమ్ ముందు పెట్టాలి. కుట్టడం పూర్తయ్యాక కత్తెర తగిలినట్టు ఆనవాలు కనిపించిందా, సున్నా. “చొక్కా అంటే ఎలా ఉండాలి? ఒంటిమీద కుట్టినట్టుండాలి!” అని మేడమ్ ఏడాది పొడుగునా చెప్పింది. అమ్మాయి పెద్దల మాట జవదాటే రకం కాదు. తెల్లారగానే బాబాయిని స్టూలెక్కించి, బట్ట చుట్టూ చుట్టి, నిజంగానే ఆయన ఒంటిమీద కుట్టేసింది. మెడ కుట్టింది. భుజాలు కుట్టింది. చేతిపట్టీలు మణికట్ల దగ్గర బిగించి కుట్టింది. గుండీలు ఏడూ ముద్దుగా ఉన్నాయి గానీ కాజా ఒక్కటీ లేదు. రెండు పొరలూ కలిపి, వాటిమీదే గుండీ పెట్టి బిగించేసింది. ఇప్పుడు బాబాయి బయటికి రావాలంటే చొక్కా అయినా చిరగాలి, బాబాయి అయినా చిరగాలి.

“మొన్న ఇంకోటి కుట్టావుగా, అదిచ్చి తగలడు!”

“దానికి రెండూ ఎడమ చేతులే వచ్చాయి బాబాయ్.”

“దానికి ముందుదో?”

“మెడ పెట్టడం మరిచిపోయాను. అమ్మ దాన్ని దిండుకి తొడిగేసింది.” అమ్మాయి పిండి డబ్బాను గట్టిగా వాటేసుకుంది. “ఇప్పటికి రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా తప్పితే కాలేజీలోంచి పంపించేస్తారు.”

బాబాయి గుండె కరిగింది. కరిగినా అది కూడా చొక్కా లోపలే ఉండిపోయింది.

“సరే, పద. మార్కులు వేసిన మరుక్షణం కత్తెర. మాటేనా?”

“మాటే!”

కాలేజీ గదిలో అందరి చొక్కాలూ బుద్ధిగా హాంగర్లకు వేలాడుతున్నాయి. వాటి చివర బాబాయి, బుద్ధిగా నిలబడ్డాడు. మేడమ్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, స్కేలు ఊపుకుంటూ ఒక్కో చొక్కా దాటి వచ్చింది.

“నమస్కారమండీ,” అన్నాడు బాబాయి.

“హాంగరు మాట్లాడకూడదు,” అంది మేడమ్, అమ్మాయి వంక చూస్తూ. “ఒక మార్కు కట్.”

బాబాయి పెదవులు బిగించాడు. మేడమ్ కాలరు పట్టి లాగింది. భుజం కొలిచింది. చంక కింద స్కేలు దూర్చింది. బాబాయికి చిన్నప్పటినుంచీ చక్కిలిగింతలు. మొహం ఎర్రబడింది, బుగ్గలు ఉబ్బాయి, పొట్ట గడగడలాడింది.

“ముడతలు పడుతోంది,” అంది మేడమ్.

“ఊపిరి పీల్చేటప్పుడే మేడమ్! వదిలేస్తే సర్దుకుంటుంది,” అంది అమ్మాయి.

“ఇస్త్రీ చెయ్యలేదా?”

బల్లమీద పొగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టెను చూసి బాబాయి మూడడుగులు వెనక్కి వేశాడు.

“ఒంటి వేడికి దానంతటదే అవుతుంది మేడమ్!” అమ్మాయి అడ్డం నిలబడింది.

“ఊఁ. తెలివైనదానివే. మరి లోపలి కుట్టు చూడాలిగా? తిరగెయ్యి.”

“నన్నా?” అన్నాడు బాబాయి, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి.

“ఇంకో మార్కు కట్. తిరగెయ్యి.”

లోపలివైపు పైకి రావాలంటే బాబాయి కూడా లోపలివైపు పైకి రావాలి. అమ్మాయి బిక్కమొహం వేసింది. ఆ మొహం చూసి మేడమ్‌కి ఏమనిపించిందో, టార్చిలైటు తెప్పించి, స్టూలెక్కి, కాలరులోంచి లోపలికి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. ఒకసారి “ఆహా!” అంది. ఆ “ఆహా” బాబాయి బొడ్డు దాకా వినిపించింది.

స్టూలు దిగి కళ్లు తుడుచుకుంది. “పాతికేళ్లుగా గొంతు చించుకుంటున్నాను, ఒంటిమీద కుట్టినట్టుండాలీ అని. నా మాట అర్థం చేసుకున్న రెండోదానివి నువ్వు! తొంభై ఎనిమిది. మొదటి బహుమతి!”

అమ్మాయి ఎగిరి గంతేసింది. బాబాయి కూడా ఎగరబోయాడు గానీ చంకల దగ్గర పట్టేసింది.

“అయిందిగా తల్లీ, ఇక తే కత్తెర!”

“కత్తెరా?” మేడమ్ ఉలిక్కిపడింది. “మొదటి బహుమతి వచ్చిన చొక్కా కాలేజీ ఆస్తి. గాజు బీరువాలో పెట్టాలి.”

“ఎన్నాళ్లండీ?”

“రంగు వెలిసేదాకా.”

“నాదా, చొక్కాదా?”

మేడమ్ హాంగర్లకు జవాబు చెప్పే మనిషి కాదు. చిటికె వేసింది. అటెండరు వచ్చి బాబాయిని నలగకుండా భుజాన వేసుకుని వరండాలోకి నడిచాడు. అమ్మాయి వెనకాలే పరుగెత్తింది.

“బాబాయ్, ఆదివారం ఆదివారం వచ్చి దుమ్ము దులుపుతాను! ఎండ తగలనివ్వమని చెబుతాను, తొందరగా వెలుస్తావు!”

అటెండరు బీరువా తాళం తీశాడు. ‘పోయినేడాది మొదటి బహుమతి’ అని చీటీ వేలాడుతున్న ఆకుపచ్చ గౌను కాస్త పక్కకు జరిగి చోటిచ్చి, “రండి అన్నయ్యగారూ, నన్ను మా మేనకోడలు కుట్టింది... మిమ్మల్నెవరు కుట్టారు?” అంది.